ముప్పైరెండు రివాల్వరు పోటీకి పనికొస్తుందా?

మా మావయ్యది పాలకొల్లు దగ్గర ఊరు. రైసుమిల్లు కొడుకులకి అప్పజెప్పేసి, పొద్దున్న కొబ్బరితోట, సాయంత్రం వీధరుగు అన్నట్టు గడుపుతున్నారు. వాళ్ల నాన్నగారి తర్వాత లైసెన్సుతో సహా ఆయన పేరు మీదికి మారిన థర్టీటూ రివాల్వరు ఒకటి ఇనప్పెట్టెలో ఉంది. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం. అది గడప దాటేది ఆ రెండు రోజులే. మొన్న సంక్రాంతికి వెళ్తే బల్ల మీద తువ్వాలు పరిచి, దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు.

“ఏరా అల్లుడూ, నువ్వు రేంజికెళ్లి కాలుస్తావు కదా. దీన్ని పోటీ తుపాకీలా చేయించలేమా? భీమవరంలో మన లేతు మిషనోళ్లు చెరువు ఏరేటరు గేరుకి పళ్లు కోసి ఇచ్చేత్తారు. దీనిదేముందిరా?”

“ముందు ఆ లేతు మాట మర్చిపోండి మావయ్యా” అన్నాను. ఎందుకు మర్చిపోవాలో చెప్పేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. ఆ రోజు ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వరసలో పెడుతున్నాను.

రివాల్వరును పోటీకి దిద్దడం అనగానే చాలామందికి ఒకటే ఊహ వస్తుంది: ఇంకా గట్టిగా కొట్టాలి, ఇంకా దూరం పోవాలి. సంక్రాంతి బరులు చూస్తూ పెరిగినవాళ్లం, కాలికి కత్తి కడితేనే పందెం అనుకుంటాం. కాగితం మీద నల్లటి చుక్కని కొట్టే ఆటలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ తూటా ఎంత మెత్తగా పేలితే అంత మంచిది. గుండు వేగం తగ్గిస్తారు, తుపాకి బరువు పెంచుతారు. పనితనమంతా ఒక్కదాని కోసమే: గురి కుదిరిన క్షణానికీ గుండు గొట్టం దాటే క్షణానికీ మధ్య చేతిలోది చెదరకూడదు.

అసలు ఆట ఏమిటో తెలిస్తే మిగతాది తేలిక. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో “25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్” అని ఒక పోటీ ఉంది. సెంటర్‌ఫైర్ అంటే తూటా అడుగున నడిమధ్యలో దెబ్బ తగిలి పేలే రకం. పేరులో పిస్టలున్నా రివాల్వరుకీ చోటుంది. మొత్తం 60 గుండ్లు. మొదటి 30 నిదానంగా, ఐదు నిమిషాలకి ఐదు చొప్పున. తర్వాతి 30కి లక్ష్యం మూడు సెకన్లు కనబడి ఏడు సెకన్లు మాయమవుతుంది. కనబడిన ప్రతిసారీ కిందికి దించిన చెయ్యి ఎత్తి ఒకే ఒక్క గుండు కాల్చాలి. అంతా ఒంటిచేత్తోనే. రెండో చెయ్యి జేబులో పెట్టుకోవచ్చు, తుపాకి జోలికి రాకూడదు. నిదానపు భాగంలో పది మార్కుల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఇరవై ఐదు మీటర్ల దూరం నుంచి చిన్న అప్పచ్చంత. ఒలింపిక్స్‌లో ఈ పోటీ లేదు. ఆసియా క్రీడల్లో ఉన్న రోజుల్లో మనవాళ్లు గట్టిగానే ఆడారు. జస్పాల్ రాణా 1994లో హిరోషిమాలో స్వర్ణం గెలిచాడు, 2006 దోహాలో 600కి 590 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నాడు.

తుపాకికి కొలతలున్నాయి. గొట్టం 153 మిల్లీమీటర్లు దాటకూడదు. గురి చూడటానికి పైన ముందొక పలక, వెనకొక గాడి ఉంటాయి, వాటినే సైట్లంటారు. ఆ ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 220 మించకూడదు. బరువు 1400 గ్రాముల లోపు. మొత్తం తుపాకి 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. తూటా వ్యాసం 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దూరదర్శిని అద్దాలూ ఎర్రచుక్క సైట్లూ నిషిద్ధం, మామూలు ఇనుప సైట్లే.

ఇక్కడే మావయ్య మొహం వెలిగింది. “మరి మనది థర్టీటూ కదా, అందులో పడుతుంది కదా!”

పడుతుంది. థర్టీటూ అంటే అంగుళంలో నూటికి ముప్పైరెండు వంతులు, సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. దీని వెనక ఒక తమాషా ఉంది. ఈ తూటా 1896 నాటిది, స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అంటారు. మన దేశంలో పోలీసులూ సైన్యమూ వాడే థర్టీఎయిట్, నైన్ ఎమ్మెమ్ లాంటివి మామూలు పౌరులకి నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి వ్యాసం). అందుకని లైసెన్సు దొరికినవాడికి థర్టీటూయే దిక్కయింది. డెల్టాలో అది మోతుబరి ఇనప్పెట్టెలో పరువు వస్తువుగా స్థిరపడింది. అదే తూటాతో యూరప్‌లో వాల్తర్, పార్దినీ లాంటి కంపెనీలు ప్రపంచస్థాయి పోటీ పిస్టళ్లు చేస్తూ వచ్చాయి. మన దగ్గర చట్టం ఏ మూలకి తోసిందో, అక్కడ ఆట నిబంధనలు సరిగ్గా ఆ మూలకే తోశాయి.

ఎలాగంటారా? కాగితానికి పడిన చిల్లు పైవలయం గీతని తాకితే చాలు, ఎక్కువ మార్కే ఇస్తారు. అలాంటప్పుడు లావు గుండుకే లాభం కదా అనిపిస్తుంది. కానీ సెంటర్‌ఫైర్‌లో ఏ గుండు కాల్చినా చిల్లును 9.65 మిల్లీమీటర్ల కొలతతోనే లెక్కగడతారు. దాంతో లావు గుండు వల్ల వచ్చేది ఏమీ లేదు, మోయాల్సిన కుదుపు తప్ప. మిగిలిందల్లా అన్నిటికన్నా మెత్తగా పేలేది ఎంచుకోవడమే. పోటీ తూటాకి కొస సూదిగా ఉండదు. బల్లపరుపుగా, సీసా బిరడాలా ఉంటుంది. వాడ్‌కటర్ అంటారు. కాగితాన్ని చించదు, ఆఫీసులో పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రంగా కోసి పోతుంది. మావయ్య పెట్టెలో ఉన్నవి గుండ్రటి కొస తూటాలు. అవి కాగితాన్ని చీల్చుకుని పోతాయి, చిల్లు అంచు ఎక్కడో కంటికి తేలదు.

మరి తూటా ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? కుదుపు లెక్కతో మొదలుపెడదాం. వాడ్‌కటర్ గుండు 98 గ్రెయిన్లు, అంటే సుమారు 6.4 గ్రాములు. సెకనుకి 230 మీటర్ల వేగం అనుకుందాం. మందు పొగ తోపును పక్కన పెడితే, 700 గ్రాముల రివాల్వరు సెకనుకి రెండు మీటర్లకి పైగా వేగంతో వెనక్కి తంతుంది. 1200 గ్రాములదైతే మీటరుంపావు చాలు. పోటీ రివాల్వర్ల గొట్టాలు అంత లావుగా ఉండేది గట్టిదనం కోసం కాదు, బరువు కోసం. అదీ ముందువైపు బరువు. మూతి బరువుంటే చేతి వణుకు నిదానిస్తుంది.

అసలు తేడా మాత్రం సైట్ల దగ్గర వస్తుంది. మావయ్య రివాల్వరు కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో చేసింది, మెడ విరిచి తూటాలు నింపే రకం. గొట్టం మూడంగుళాలు. నడుముకి దోపుకోవడానికీ అయిదారు అడుగుల దూరంలో ప్రాణం కాపాడుకోవడానికీ చేసిన వస్తువు. దానికది సరైనదే. సైట్ల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక గాడిలో ముందు పలక ఒక మిల్లీమీటరులో పదోవంతు, అంటే ఓ కాగితం మందం, పక్కకి జరిగిందనుకోండి. 25 మీటర్ల దగ్గర గుండు 25 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. పదో వలయం సగం వ్యాసమూ అంతే. కాగితం మందంలో తప్పు చేస్తే పది అంచు మీద కూర్చున్నట్టే. సైట్ల మధ్య 220 ఉంటే అదే తప్పుకి గుండు 11 మిల్లీమీటర్లే జరుగుతుంది, పది పదిగానే ఉంటుంది. మూడంగుళాల గొట్టానికి మీరెంత బంగారపు పని చేయించినా ఈ లెక్క మారదు. పైగా ఆ సైట్లు కదలవు, పోతపోసినట్టు ఉంటాయి. గుండ్లు ఎడమకి పడుతుంటే సైటు జరపడం కుదరదు, గురినే కుడికి పెట్టుకోవాలి.

“అయితే మా నాన్న ముప్పై గజాల్లో కొబ్బరికాయ కొట్టేవారని ఊరంతా చెప్పుకునేదంతా?”

“కొబ్బరికాయంటే ఆ పది మార్కుల వలయాలు అయిదింటంత ఉంటుంది మావయ్యా.” ఆయనకది నచ్చలేదు. నాది ఉజ్జాయింపు లెక్కే, నిజం చెప్పొద్దూ.

ఇక ట్రిగ్గరు. పోటీల్లో రివాల్వరు కాల్చేవాళ్లు ప్రతిసారీ బొటనవేలితో హ్యామరును, అంటే తూటా వెనక దెబ్బ వేసే చిన్న సుత్తిని, వెనక్కి లాగి నిలబెడతారు. అప్పుడు ట్రిగ్గరు చేయాల్సిన పని ఒక్కటే, ఆ హ్యామరును వదిలేయడం. అలా కాకుండా హ్యామరును ఎత్తే పనీ వదిలే పనీ రెండూ ట్రిగ్గరుతోనే చేయించాలంటే మామూలు రివాల్వరుకి నాలుగైదు కిలోల లాగుడు పడుతుంది. ఒంటిచేత్తో కిలో బరువున్న వస్తువును పట్టుకుని, వేలితో అయిదు కిలోలు లాగుతూ, కాగితం మందం తప్పు చేయకూడదంటే ఎవరివల్లా కాదు.

సెంటర్‌ఫైర్‌లో ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకి తగ్గకూడదు. పోటీకి ముందు అధికారి తుపాకిని మూతి పైకి నిలబెట్టించి, ట్రిగ్గరుకి కిలో తూకం తగిలించి పైకెత్తిస్తాడు. తూకం లేచినంతసేపూ హ్యామరు పడకుండా ఉంటే ముద్ర వేస్తాడు. లేదంటే వెనక్కి. రేంజిలో ఇది చూడముచ్చటగా ఉంటుంది. ఎంత పేరున్నవాడైనా ఆ క్షణంలో రేషన్ షాపు కాటా దగ్గర నిలబడ్డవాడిలా చూస్తాడు.

ఇక్కడ తుపాకి పనివాడు చేసేది తేలికచేయడం అనుకుంటారు. నునుపుచేయడం అనాలి. ట్రిగ్గరుకీ హ్యామరుకీ మధ్య రెండు అంచులు ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉంటాయి. అవి గరుకుగా ఉంటే లాగుడు మధ్యలో ఆగి ఆగి కదులుతుంది. వేలికి అది ఇసకలో నడిచినట్టు తగులుతుంది. పనివాడు ఆ గరుకు తీస్తాడంతే, కోణం ముట్టుకోడు. ఎందుకంటే ఆ అంచుల పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు. అత్యాశకి పోయి లోపలిదాకా అరగదీస్తే మెత్తటి ఇనుము బయటపడి నాలుగు నెలల్లో అంచు గుండ్రబడుతుంది. ఒకరోజు ట్రిగ్గరు ముట్టకుండానే, హ్యామరు మీద కాస్త ఒత్తిడి పడితేనే జారి పేలుతుంది. ఆకురాయి పట్టిన ప్రతివాడూ చేయగల పని కాదిది. స్ప్రింగు మెత్తది వేస్తే చాలుగా అంటారు కొందరు. వేయొచ్చు, అప్పుడు హ్యామరు దెబ్బ బలహీనపడి తూటా వెనక ఉన్న నిప్పుమందు అంటుకోదు. పోటీ మధ్యలో “టక్” అని వినబడి ఊరుకుంటుంది. దానికన్నా చెవులకి బాధాకరమైన చప్పుడు నాకు తెలీదు.

రివాల్వరుకి పిస్టలుకి లేని చిక్కు ఇంకోటుంది. పిస్టలులో తూటా కూర్చునే గది గొట్టంతో ఏకంగా ఒక్కటే. రివాల్వరులో తిరిగే సిలిండరులో ఆరు గదులు. ఒక్కోటి తిరిగొచ్చి గొట్టం వెనక ఆగాలి, గదీ గొట్టమూ ఒకే వరసలోకి రావాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా గుండు గొట్టంలోకి పక్కగా గీసుకుంటూ దూరుతుంది. సిలిండరుకీ గొట్టానికీ మధ్య ఒకటి రెండు కాగితాల మందం సందు ఉంటుంది. ఉండకపోతే సిలిండరు తిరగదు, ఎక్కువుంటే పక్కలకి పొగ చిమ్ముతుంది. ఆ సందు దగ్గర వేలు పెట్టకూడదని మొదటిరోజే నేర్పేది అందుకే. అంటే మన చేతిలో ఉన్నది ఒక తుపాకి కాదు, ఒకే గొట్టాన్ని పంచుకునే ఆరు తుపాకులు. తెలిసినవాళ్లు గదులకి అంకెలు వేసుకుని, ఇసకమూట మీద ఆనించి ఒక్కో గదితో విడిగా అయిదేసి కాలుస్తారు. అయిదు గదులు ఒకచోట గుంపుగా కొట్టి, ఆరోది పక్కింటికి పోతుందనుకోండి, చిన్న వెసులుబాటు ఉంది. పోటీలో ఒక విడతకి అయిదే గుండ్లు. ఆ తుంటరి గదిని ఖాళీగా వదిలేస్తే సరి. ఒక్క రూపాయి ఖర్చులేని దిద్దుబాటు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే.

ఇప్పుడు పిడి. తుపాకి గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఆఖర్న, అలంకారంలా చెబుతారు. నన్నడిగితే మొదట చెప్పాల్సింది ఇదే. నేను కాల్చే పిస్టలు రేంజి ఆయుధాల గదిలోనే ఉంటుంది. దాని పిడిచెక్క మాత్రం విప్పి సంచిలో వేసుకుని మావయ్యగారి ఊళ్లో వడ్రంగి దగ్గరకి తెచ్చాను. బజార్లో దొరికిన పిడి అది, నా అరచేతికి చూపుడువేలు కింద ఒత్తేది. అరవై గుండ్లలో నలభై దాటేసరికి అక్కడ తిమ్మిరెక్కి, తెలీకుండానే పట్టు మార్చేవాణ్ని. పట్టు మారితే గుండు మారుతుంది.

ఆయన చెక్కను రెండు మూడుసార్లు తిప్పి చూశాడు. నా అరచేతికి తడి నీలిమందు పూసి గట్టిగా పట్టుకోమన్నాడు. తీసి చూస్తే ఒకచోట ముద్దగా నీలం, ఒకచోట అసలు అంటలేదు. ముద్దగా అంటినచోట అర్ధగుండ్రం ఆకురాయితో నాలుగు దువ్వులు దువ్వి, ఉప్పుకాగితం పట్టి, మళ్లీ నీలం పూశాడు. అంటని చోట చెక్కపొట్టు జిగురులో కలిపి మెత్తాడు. ఇలా పదిసార్లు. “నాగలి మేడి రైతు చెయ్యి చూసే చెక్కేవోళ్లం కదండీ, ఇదీ అంతేగదండీ” అన్నాడు. నిజానికి అంతే. పిడి పట్టుకుని కళ్లు మూసుకుని చెయ్యెత్తి, కళ్లు తెరిచేసరికి సైట్లు వాటంతట అవే వరసలో ఉండాలి. మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వస్తే పిడి ఇంకా కుదరనట్టే. అరచెయ్యి కింద ఆనుకునే చెక్కపలక ఉండొచ్చు, కానీ అది పైకి వంగి చేతిని చుట్టుకోకూడదు, మణికట్టును తాకకూడదు. నిబంధన అంత స్పష్టంగా ఉంది.

మళ్లీ లేతు మిషను సంగతికొద్దాం. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షను ప్రకారం తుపాకి తయారుచేయడానికే కాదు, బాగుచేయడానికీ మార్చడానికీ కూడా లైసెన్సు కావాలి. గొట్టం పొట్టి చేయడానికి ఆరో సెక్షనులో వేరే ఆంక్ష ఉంది. 2019 సవరణ తర్వాత ఇలాంటి పనికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. తుపాకి మావయ్య లైసెన్సులో ఉన్నంత మాత్రాన లేతు అతనికి రక్షణ ఉండదు. చేయించినవాడికీ ఉండదు. పని చేయించాలంటే రిపేరు లైసెన్సున్న ఆయుధ డీలరుకే ఇవ్వాలి, లైసెన్సు పుస్తకం చూపించి. అదే సవరణలో పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చే సరదాకి కూడా రెండేళ్ల దాకా జైలో లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పెట్టారు. ఈ ముక్క వినగానే మావయ్య కాసేపు కిటికీలోంచి తోట వైపు చూశారు. పెద్దకొడుకు పెళ్లి 2011లో అయిందనుకోండి.

అమెరికాలో రివాల్వర్లకి ఇంకో రకం పోటీలున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఇనుప పలకల్ని పడగొట్టడం, కాలుస్తూ నింపుకుంటూ పరిగెత్తడం. వాటికి దిద్దే తీరు పూర్తిగా వేరు. అక్కడ హ్యామరుకి బొటనవేలు ఆనే కొమ్ము కోసేస్తారు, ట్రిగ్గరు లాగుడంతా పొడుగ్గా నున్నగా ఉండాలంటారు, తూటాలన్నీ ఒకేసారి పడేలా చంద్రవంక రేకులో గుచ్చి పెట్టుకుంటారు. జెర్రీ మిక్యులెక్ అనే ఆయన 1999లో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడం 2.99 సెకన్లలో ముగించాడు. యూట్యూబులో అది చూసి, ఆ మార్పులే మన 25 మీటర్ల ఆటకి చేయించాలనుకోవడం వరిచేలో రొయ్యల మేత చల్లడమే.

ఇంతకీ ఆ రివాల్వరుకి నిజంగా కావాల్సిన పని ఒకటి ఆ రోజు బయటపడింది. మావయ్య ఖాళీ చేసి, నాకు చూపించి, హ్యామరు లాగి వదిలారు. అది పడటంలో బద్ధకం కనిపించింది, నిద్రలోంచి లేచినట్టు. “ఏం నూనె వేస్తున్నారు?” అంటే, “ఇంకేం నూనెరా, మన తోటదే” అన్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కోనసీమైనా పాలకొల్లయినా పుష్యమాసం రాత్రి అంతకన్నా చల్లగానే ఉంటుంది. ఏళ్ల తరబడి వేసిన నూనె లోపల దుమ్ముతో కలిసి మైనంలా పట్టేసింది. అర్ధరాత్రి నిజంగా దొంగ వస్తే అది “టక్” అనడమే ఎక్కువ. దానికితోడు తోలు సంచిలో పెట్టి ఇనప్పెట్టెలో దాచడం. తోలు డెల్టా తేమనంతా పీల్చి ఇనుముకి అప్పజెబుతుంది. సిలిండరు మీద ఎక్కడ తోలు కుట్టు ఆనుకుందో అక్కడ సరిగ్గా కుట్టు ఆకారంలోనే తుప్పు గీత. చెరువుల్లో ఉప్పునీళ్లు తోడుతున్నప్పటి నుంచి గాల్లో కూడా ఆ జిగట ఎక్కువైందని ఆయనే అన్నారు. తుపాకి నూనె సీసా ఒకటీ, తోలు బదులు పాత నూలు పంచె ముక్కా ఉంటే చాలు.

ఆయన ఉతికిన గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూ తుడుస్తూ నా సంచిలోంచి బయటికి కనబడుతున్న పిడిచెక్క చూసి, “అదిటియ్యి” అన్నారు. పట్టుకుని, ఒక కన్ను మూసి, గేటు అవతల కొబ్బరిచెట్టు మీదికి చెయ్యి చాచారు. వేళ్లు అటూ ఇటూ సర్దుకున్నారు. మళ్లీ సర్దుకున్నారు.

“ఇదేవిట్రా, నా చేతిలో ఇమడదేం?”

“అది నా చేతికి చెక్కింది మావయ్యా.”